దుంపల మీద మంచు

నా దగ్గర ఒకటే సముద్రం ఉండేది.
కాలేజీలో ఇచ్చిన కాగితాల మీద, రెండు పేజీల సముద్రం.
"కళ్ళు మూసుకోండి. మెత్తని ఇసుక. గోరువెచ్చని అల
మీ పాదాలను తాకి వెనక్కి పోతోంది..."
గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగి
మూడు ఊపిరులు లెక్కపెట్టాలో
పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాను.

ఒరూరో ఆసుపత్రి. కాలిన గాయాల వార్డు, ఏడో మంచం.
సాతుర్నీనా కొల్కే.
వయసు కార్డులో అరవై ఒకటి, ఆమె నోట అరవై నాలుగు.
వంటగదిలో గ్యాసు బండ. కుడి చెయ్యి, భుజం, మెడలో సగం.
రోజు విడిచి రోజు కట్టు విప్పుతారు.
బండి చక్రం కిర్రుమంటూ వరండా మలుపు తిరగగానే
ఆమె ఎడమ చెయ్యి దుప్పటి అంచును
పారిపోయే గొర్రె చెవిలా దొరకబుచ్చుకుంటుంది.

నేను సముద్రం తెరిచాను.
రెండో వాక్యం దగ్గరే ఆమె ఒక కన్ను తెరిచింది.
"పాపా, మన దేశానికి సముద్రం ఎక్కడిది?
ఎప్పుడో యుద్ధంలో పోగొట్టుకున్నాం కదా.
బళ్ళో ఏటా మార్చి నెలలో దానికోసం ఏడిపించేవాళ్ళు,
ఆ ఏడుపు చాల్లే.
అయినా నాకు వేడి ఇసుకేమిటి?
నేను కాలి వచ్చాను."

నర్సు ఫక్కున నవ్వింది. నా చెవులు ఎర్రబడ్డాయి.
నేను పల్లపు సీమ పిల్లను, సాంతా క్రూజ్ ఉక్కలో పెరిగినదాన్ని.
నాకు హాయి అంటే తడి ఆకు, ఊయల, వాన ముందరి గాలి.
ఎదుటి మనిషి హాయి ఎలా ఉంటుందో అడగమని
ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

అడిగాను.

చాలాసేపు పలకలేదు. తర్వాత, "జూన్ నెల," అంది.
"పంట తీశాక. చిన్న దుంపలు, సంతలో ఎవరూ కొననివి.
గడ్డి మీద పలచగా పరుస్తాం, ఒకదానికొకటి తగలకుండా.
మబ్బు ఉండకూడదు.
చుక్కలు ఎంత కిందికి దిగితే అంత చలి.
వాటినక్కడే వదిలేసి ఇంట్లోకి పోతాం.
మిగతాది రాత్రి చూసుకుంటుంది."

బండి వచ్చింది. కత్తెర చప్పుడు.
కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.
"పరుద్దామా?"
"నువ్వు ఆ చివర నుంచి రా. మరీ దగ్గరగా వెయ్యకు."

మొదటి పొర లేచింది.
ఆమె పళ్ళ సందున గాలి ఈల వేసింది.
"చలి ఎక్కడిదాకా వచ్చింది?"
"భుజం మీదికి. గడ్డి కొనలు తెల్లబడ్డాయి."
రెండో పొర.
"ఇప్పుడు?"
"మోచేతి దాకా. దుంప గట్టిపడింది, తట్టి చూడు, రాయిలా మోగుతుంది."
తట్టాను, గాలిలో.
మూడో పొర దగ్గర అరిచింది.
అబద్ధమెందుకు, ఊహ మత్తుమందు కాదు.
అరిచి, రొప్పి, ఐమారాలో ఏదో తిట్టి,
"కుక్క వచ్చి దుంపలన్నీ తొక్కేసింది," అంది. "తోలెయ్."
తోలాను.
చెదిరినంత మేరా మళ్ళీ పరిచాం.

పొద్దెక్కి మంచు కరిగాక చెప్పుల్లేకుండా తొక్కుతారట.
మడమ కింద తొక్క జారి, నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి చిమ్ముతాయట.
రాత్రి మళ్ళీ మంచుకి, పగలు మళ్ళీ కాళ్ళకి.
చివరికి నల్లబడి, గుప్పెడు తీస్తే బరువే తెలీదు.
"చున్యో అంటాం. ఏళ్ళు గడిచినా పాడవదు.
మా అమ్మ ఎండబెట్టినవి
అమ్మ పోయాక నాలుగేళ్ళు తిన్నాం."

ఆరో కట్టుకి ఆమె నాతో మాట్లాడలేదు.
దుప్పటి కింద పాదాలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి
నెమ్మదిగా కదులుతున్నాయి.
తిమ్మిరెక్కిందేమో చూడమంది నర్సు.
కాదు, పగలైంది, అన్నాను.

ఇంటికి పంపే ముందు రోజు అడిగింది:
"నీ సముద్రం ఇంకా ఉందా?"
"ఉంది."
"చల్లటి రకమేనా?"
"తెలీదు," అన్నాను. "నేనూ ఎప్పుడూ చూళ్ళేదు."
ఆమె చాలాసేపు నవ్వింది, మెడ లాగుతున్నా.
తర్వాత కాస్త జరిగి, ఎడమ చేత్తో మంచం మీద చోటు తట్టింది.
"కూర్చో మరి. ఏమేం కావాలో చెప్పు.
పలచగా పరుద్దాం."